బోర్లించిన కంచం

గుడ్లు ఉడికే గిన్నెలో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, నూకయ్య మూత వాలుగా పెట్టాడు. ఉప్పు పడితే పెంకు పగలదు. పగిలినా లోపలిది నీళ్లలో కలిసిపోదు. తిరుమలగిరిలోని ఒక కాలేజీ మెస్సులో చేరిన నాటి నుంచీ పొద్దున్నే మొదట చేసే పని అదే. హాస్టలు పిల్లలందరికీ ఉప్మా. కాలేజీ జట్టులో ఆడేవాళ్లకు మాత్రం ఉప్మాతో పాటు గుడ్డూ, పాలూ, అరటిపండూ.

ఎప్పుడూ పొయ్యికి ఎడం చెంప ఇచ్చి నిలబడే మనిషి ఈరోజు అటు తిరిగి నిలబడ్డాడు. ఎడం చెంపకు సెగ తగిలితే చురుక్కుమంటోంది. పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. గంగాళాలు మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. తెల్లబడ్డ మీసాన్ని తనే కత్తెరతో సరిచేసుకుంటాడు కాబట్టి అది ఏనాడూ రెండు వైపులా ఒకలా ఉండదు.

కత్తిపీట ముందు కూర్చున్న రోసమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ అతన్నే చూస్తోంది.

"ఏందన్నా, గోడ దిక్కు మొకం పెట్టి ఉడకబెడ్తున్నవ్? గుడ్లేమన్న సిగ్గుపడ్తయా నిన్ను జూసి?"

"నీ ఉల్లిపాయలు నువ్వు తరుక్కో రోసమ్మా."

"తరుగుతనే ఉన్న. నా కండ్లళ్ల నీళ్లొస్తే ఉల్లిగడ్డలని చెప్తా. నీకేమున్నది చెప్పనీకి?"

"తలుపు తగిలిందని చెప్పేను కదా."

రోసమ్మ మెస్సు తలుపు వైపు చూసింది. ఒక రెక్క ఏనాడో ఊడిపోయి గోడకు ఆనించి ఉంది. రెండోది ఏనుగు తోసినా కదలదు. ఆమె ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది.

ఇంట్లోనూ అదే చెప్పాడు. అల్వాల్‌లో అతని ఒంటిగది ఇంట్లో భార్య గంగాదేవి దీపం వెలుగులో సరిగా చూడలేదు, నమ్మింది. కూతురు భానుప్రియ నమ్మలేదు. ఆమె హైటెక్ సిటీ వైపు ఏదో కంపెనీలో రాత్రంతా ఫోన్లు మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. తెల్లారగట్ల కంపెనీ వాళ్ల క్వాలిస్ బండి ఆమెను దించే వేళకు నూకయ్య సైకిలు బయటికి తీస్తాడు. తండ్రీ కూతుళ్లు రోజూ ఒకరినొకరు చూసుకునేది వీధి మొగలోనే. ఇవాళ ఆమె బ్యాగు భుజాన వేసుకుని తండ్రి గడ్డం పట్టి దీపస్తంభం వైపు తిప్పింది.

"ఏమైంది నాన్నా?"

"తలుపు తగిలిందమ్మా."

"తలుపుకి వేళ్లుంటాయా?"

నూకయ్య సైకిలెక్కి వచ్చేశాడు.

నిన్న జరిగింది ఇంతే. కాలేజీకి సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్లు వచ్చి చివరి సంవత్సరం పిల్లల్ని ఉద్యోగాలకు ఎంచుకుని పోయారు. ఎంపికైన వాళ్లు రాత్రి భోజనాల దగ్గర ఒకళ్ల వీపులు ఒకళ్లు చరుచుకుంటూ గోల చేశారు. అదే బల్ల చివర హరికిషన్ ఒక్కడే కూర్చుని తింటున్నాడు. సిద్దిపేట వైపు నుంచి పరుగు మీద సీటు తెచ్చుకుని వచ్చిన పిల్లాడు. నాలుగు వందల మీటర్ల పరుగులో యూనివర్సిటీ మొత్తానికి మొదటివాడు. పేపర్లో ఫోటో పడింది. పరుగుకు ఆ కంపెనీల్లో పనేముంది? వాళ్లు అతన్ని లోపలికే పిలవలేదు.

"అరే రన్నర్, నీ కాళ్లు మంచి స్పీడు గదా. ఉరికిపోయి ఉప్పు పట్టుకరా" అన్నాడు ఒకడు. బల్లంతా నవ్వింది.

హరికిషన్ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. కంచం బల్ల మీద వదిలేసి నడుస్తున్నాడు. ఆ మెస్సులో ఎవరి కంచం వాళ్లే కడగాలి. ఆటగాళ్లయితే మరీను. నూకయ్య రోజూ అందరితో అన్నట్టే అన్నాడు.

"కంచం బాబూ."

అప్పుడు పడింది దెబ్బ. గోలంతా ఒక్కసారి అణిగిపోయింది. హరికిషన్ తన అరచెయ్యి తనే చూసుకుని బయటికి వెళ్లిపోయాడు. నూకయ్య ఆ కంచం తీసి, తోమి, అరలో పెట్టాడు.

చెంప మంట తెల్లారేసరికి తగ్గాల్సిందే. దెబ్బలు కొత్తేమీ కాదు. పలాస దగ్గర ఊరు విడిచి, మీసాలు రాని వయసులో ఒక కాంట్రాక్టరు వెంట సికింద్రాబాదు వచ్చి రైలు స్టేషన్ బయట హోటల్లో బల్లలు తుడిచాడు. అక్కడ గ్లాసు పగిలినా దెబ్బే, పగలకపోయినా దెబ్బే. దానికి బాధపడాలని కూడా అప్పుడు తెలియదు.

తెలిసింది ఇక్కడికి వచ్చాకే. ఈ కాలేజీ ఆటల మాస్టారు దేవసహాయం పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. ఏటా ఆటలు మొదలయ్యే రోజున మెస్సు పనివాళ్లు బల్ల దగ్గర కూర్చోవాలి, ఆటగాళ్లు వడ్డించాలి. అదీ తమ తమ కంచాల్లోనే. ఒక్కో ఆటగాడికి ఒక్కో స్టీలు కంచం. రెజిమెంటల్ బజార్లో అంచు మీద చుక్కలతో పేరు కొట్టించి తెచ్చేది నూకయ్యే. ఆ రోజు పనివాడు తిన్న కంచాన్ని ఆ ఆటగాడే కడుగుతాడు. చదువు అయ్యాక కంచం ఇంటికి పట్టుకుపోతాడు.

మొదటి ఏడు నూకయ్యకు ముద్ద దిగలేదు. ఒక ఆరడుగుల హాకీ పిల్లాడు వెనకాల నిలబడి "ఇంకొంచెం పప్పు వెయ్యనా అన్నా" అంటుంటే లేచి నిలబడబోయాడు. ఆ తర్వాత అలవాటైంది. ఈ ప్రాంగణంలో తన మీద ఎవరూ చెయ్యెత్తరని ఒంటికి కూడా తెలిసిపోయింది. అందుకే నిన్న ముఖం పక్కకు తిప్పుకోవాలని తోచలేదు.

మూడేళ్ల కిందట ఆ రోజున అతనికి వడ్డించినవాడు హరికిషనే.

టిఫిన్ల వేళకు పిల్లలు వచ్చారు. ప్రతివాడూ కంచం అతిజాగ్రత్తగా కడిగి పెట్టి నూకయ్య ముఖం చూడకుండా వెళ్లాడు. హరికిషన్ రాలేదు. గిన్నె అడుగున ఒక గుడ్డు మిగిలింది. నూకయ్య దాన్ని తీసి చిన్న గిన్నెలో పెట్టి మూత వేశాడు.

అతనికి కావలసింది పెద్దదేం కాదు. ఆ పిల్లాడు వంటింటి వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడితే చాలు. ఏమీ అనక్కర్లేదు. కూర తరుగుతున్నా, బియ్యం కడుగుతున్నా నూకయ్య కళ్లు ఆ గుమ్మం మీదికే పోతున్నాయి. గుమ్మంలోకి వచ్చింది మాత్రం వార్డెను బ్రహ్మచారి.

"నూకయ్యా, భోజనాలైనంక ప్రిన్సిపాల్ సార్ పిలుస్తరు. పిల్లగాడు సుత వస్తడు. ఏదో తలుపు తగిలిందని నువ్వే అంటున్నవంట గదా?"

నూకయ్య రోసమ్మ వైపు చూశాడు. రోసమ్మ గబగబా తోటకూర మీదికి వంగింది.

"అదే అను. ఆటల మీట్ ముందర గీ లొల్లి కాలేజీకి మంచిది గాదు. నీకేం తక్లీఫ్ రాకుండ నేను చూసుకుంటా."

"నాకేటి తక్లీఫు బాబూ. దెబ్బ తగిలీసింది కదా" అన్నాడు నూకయ్య. బ్రహ్మచారి నవ్వి వెళ్లిపోయాడు.

కాసేపటికి దేవసహాయం వచ్చాడు. గ్రౌండు దుమ్ముతో ఉన్న బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"నూకయ్యా, నేను చూడలే. చూసిన పిల్లలు నోరు తెరుస్తలేరు. ఇగ నువ్వు ఏది చెప్తే అదే."

"ఆ బాబు పరుగు ఆపీస్తారా సారూ?"

"రూలు పెట్టింది నేనే గదా. చెయ్యెత్తినోడు మళ్లా ట్రాక్ మీదికి రాడు. సీటు పోతది. హాస్టలు పోతది."

"వచ్చే వారం రైల్వేలో ఉద్యోగానికి పరిగెట్టాలన్నాడు..."

"మంచి నడవడి అని నేను సంతకం చెయ్యకుంటే అక్కడ ఉరకనియ్యరు." దేవసహాయం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "వాడికి నడక సుత నేనే నేర్పిన్నేమో అనిపిస్తది ఒక్కోపారి. అయినా నువ్వు నన్ను చూసి చెప్పకు, వాణ్ని చూసి చెప్పకు. ఏమైందో అది చెప్పు."

అది అంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. దేవసహాయం లేచి బూట్లు తొడుక్కుని వెళ్లాడు. నూకయ్య బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాడు. చెప్తే ఆ పిల్లాడి కాళ్లు ఆగిపోతాయి. చెప్పకపోతే ఈ మెస్సులో తను మళ్లీ స్టేషన్ బయటి హోటల్లో బల్లలు తుడిచే కుర్రాడైపోతాడు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాడు.

ప్రిన్సిపాల్ గదిలో కొత్తగా ఏసీ పెట్టారు. తడి బనీను మీద చొక్కా వేసుకుని వచ్చిన నూకయ్యకు వణుకు పుట్టింది. దేవసహాయం, బ్రహ్మచారి కుర్చీల్లో ఉన్నారు. హరికిషన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని.

"చెప్పవయ్యా నూకయ్యా. అసలేం జరిగింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

నూకయ్య నేల వైపు చూశాడు. హరికిషన్ కాళ్లు కనిపించాయి. రబ్బరు చెప్పులు. ముళ్ల బూట్లు కొరికి బొటనవేలి గోరు నల్లబడి, సగం ఊడి ఉంది. ఆ గోరుకు పసుపూ నూనే కాచి పెట్టింది తనే, పోయిన నెలలో.

"ఏటీ జరగనేదు బాబూ. మెస్సు తలుపు తగిలింది."

బ్రహ్మచారి కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రిన్సిపాల్ పెన్నుకు క్యాప్ పెట్టాడు. దేవసహాయం మాత్రం కదలలేదు.

"హరీ, నువ్వేమంటవ్?" అన్నాడు మాస్టారు.

ఆ రబ్బరు చెప్పుల మీద వేళ్లు ముడుచుకున్నాయి. పందెంలో తుపాకి పేలే ముందు గీత దగ్గర వంగిన పిల్లల కాళ్లు అలాగే నేలను పట్టుకోవడం నూకయ్య మెస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాడు.

"తలుపు గాదు సార్. నేనే కొట్టిన."

"అరే హరికిషన్, పరేషాన్‌ల ఏదేదో మాట్లాడకు" అన్నాడు బ్రహ్మచారి, లేవబోతూ.

"పరేషాన్ ఏం లేదు సార్. నూకన్న అబద్ధం చెప్తుంటే జెరసేపు మంచిగనే అనిపించింది. ఇగ బతికిపోయిన అనుకున్న. గని ఆయన నా గోరు దిక్కు చూస్తున్నడు." అతను ఆ కాలు వెనక్కి లాక్కున్నాడు. "కంచం తియ్యమన్నందుకు కొట్టిన. ఆయన తప్పేం లేదు."

నూకయ్యకు ముందు కోపం వచ్చింది. అంత కష్టపడి నోట్లోంచి తీసిన మాటను ఈ గుంటడు పక్కకు నెట్టేశాడు. ఆ తర్వాత కాసేపటికి, చెంప మీదికి తన చెయ్యే వెళ్లిందని గమనించాడు. నిన్నటి నుంచీ దాన్ని ముట్టుకోలేదు.

దేవసహాయం చెప్పాల్సింది చెప్పాడు. జట్టు నుంచి తీసేశారు, సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యాలి. ఆ రెండు మాటలు చెప్పడానికి అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. హరికిషన్ తల ఊపాడు. బయటికి నడుస్తూ ఎప్పటిలాగే మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టాడు. దేవసహాయం అతని తల మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయినట్టు చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఏమైందన్నా?" అంది రోసమ్మ, నూకయ్య వంటింట్లోకి రాగానే.

"పంపించీసినారు."

"నువ్వు చెప్పినవా?"

"నేదు. ఆడే చెప్పుకున్నాడు."

రోసమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు ఆమె ముందు ఉల్లిగడ్డలేమీ లేవు.

ఎండ వాలుతుండగా వెనక గుమ్మంలో నీడ పడింది. హరికిషన్. భుజాన బ్యాగు, చేతిలో తాళ్లు ముడివేసిన పరుగు బూట్లు. గుమ్మం దాటకుండా చెప్పులు విప్పాడు. బ్యాగు కింద పెట్టి, అరలోంచి తన పేరున్న కంచం తీశాడు.

"కూసో నూకన్నా."

"ఇప్పుడేటి బాబూ? సీజను ఎప్పుడో మొదలైపోయింది కదా."

"నాకు అయిపోయింది గదా. కూసో."

నూకయ్య కూర్చున్నాడు. హరికిషన్ వడ్డించాడు. మధ్యాహ్నం మిగిలిన అన్నం, పప్పుచారు, వంకాయ కూర. చిన్న గిన్నె మూత తీసి లోపల గుడ్డు చూసి ఆగాడు. అది ఎవరికోసం దాచిందో అడగలేదు. పెంకు తీసి, దారంతో కోసినట్టు సగానికి చీల్చి, ఒక సగం కంచంలో పెట్టాడు. రెండో సగం నూకయ్యే అతని చేతిలోకి తోశాడు. ఇద్దరూ తిన్నారు. గుడ్డు చల్లారిపోయి ఉంది, ఉప్పు సరిపోయింది.

"నాన్నకేటి చెప్తావు?"

"కొట్టిన అని చెప్త. మా నాయిన కొడ్తడు. బరాబర్ అయితది." అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మాఫ్ చెయ్ నూకన్నా" అన్నాడు, నేలకేసి చూస్తూ.

నూకయ్య ఎడమ చెయ్యి ఎత్తి, ఆ పిల్లాడి చెంప మీద మెల్లగా తట్టాడు. దెబ్బ కాదు, దీవెనా కాదు. మధ్యస్థంగా.

"పరిగెట్టడం మానీకు."

"మానితే జేబీఎస్‌ల బస్సెట్ల దొరుకుతది?"

అతను కంచం తీసుకెళ్లి కుళాయి కింద కూర్చున్నాడు. బూడిద పెట్టి తోమాడు. అంచు మీది చుక్కల్లో బొటనవేలితో రుద్దాడు. కడిగి, బోర్లించాడు. బ్యాగు భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగి, గ్రౌండు పక్కనుంచి గేటు వైపు నడుస్తూ పోయాడు. ట్రాక్ గీతల మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్లడం వంటింటి కిటికీలోంచి నూకయ్యకు కనిపించింది.

"అన్నా, కంచం మర్చిపోయిండు. పిలువు" అంది రోసమ్మ.

అది మరుపు కాదని నూకయ్యకు తెలుసు, పిలవలేదు. రాత్రి వంటకు పొయ్యి వెలిగించి, ఎప్పటిలా ఎడం చెంప సెగకు ఇచ్చి నిలబడ్డాడు. అరలో చివర, బోర్లించిన కంచం అంచు నుంచి నీటిబొట్టు ఒకటి హరికిషన్ పేరులోని చుక్కల వెంట దిగి, కింద పడకుండా అక్కడే ఆగి ఉంది.