పచ్చ దీపం

"అమ్మాయ్, చెయ్యి లాగేస్తోంది. ఒకసారి చూడమ్మా," అంది ఆరో మంచం మీది టైలరమ్మ.

నర్సు చూసింది. చేతిని కాదు, మిషన్‌ని. మంచం పక్కన కడ్డీకి బిగించిన ఆ చిన్న పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. సెలైన్‌లో మందు ఎంత వేగంతో వెళ్లాలో అంతే వేగంతో వెళ్తోంది.

"అంతా కరెక్ట్‌గానే ఉంది పిన్నీ. నీ కుట్టు మిషన్ని తప్ప దేన్నీ నమ్మవు కదా!"

"నా మిషన్ తప్పు కుడితే గుడ్డ పోతుంది. నీది తప్పు చేస్తే నేనే పోతా," అని టైలరమ్మ నవ్వబోయి, పళ్లు బిగబట్టింది. అప్పటికే నర్సు పక్క మంచం దగ్గరుంది.

ఆమె బద్ధకస్తురాలని అనుకోకండి. ఈ మిషన్లు రాకముందు సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ వార్డంతా పరుగులు తీసేది. ఒక మంచం దగ్గర ఆగితే ఇంకో మంచం దగ్గర సీసా ఖాళీ అయ్యేది. మిషన్లు వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మందు అయిపోతే అవే కూత పెడతాయి. కానీ అప్పట్లో చుక్కలు సరిచేసేటప్పుడు, సూది గుచ్చిన చోట వేలితో తడిమి చూడటం ఆమెకు అలవాటు. చుక్కల లెక్కతో పాటు ఆ అలవాటూ పోయింది.

మధ్యాహ్నం దుప్పటి తొలగిస్తే టైలరమ్మ కుడిచెయ్యి మోచేతిదాకా వాచిపోయి ఉంది. సూది నరంలోంచి జారింది. ఘాటైన మందు కండలోకి ఎక్కుతోంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

డాక్టరు పరుగున వచ్చి చెయ్యవలసినదంతా చేశాడు. "ప్రాణానికి భయం లేదు. వేళ్లు మునుపటిలా వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేను," అన్నాడు.

టైలరమ్మ చెల్లెలు వార్డు ఎగిరిపోయేలా అరిచింది. "ఆ చేత్తో కుట్టే మా అక్క నన్ను పెంచింది! ముందు ఆ దిక్కుమాలిన డబ్బాలు బయట పారేయండి!"

పెద్ద సిస్టర్ నర్సు వైపు తిరిగింది. "మిషన్ చెడిందా? అయితే ఈ పూటే అన్నీ వెనక్కి పంపించేస్తాను."

నర్సు ఆ డబ్బా కేసి చూసింది. ఊ అంటే చాలు, నేరం డబ్బా మీదకు పోతుంది. దానికి ఉద్యోగం ఊడే భయం లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలూ లేరు. కానీ రేపటి నుంచి వార్డంతా మళ్లీ చుక్కల లెక్క. ఎవరి సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో! తన తప్పుకి ఇంకెవరు బలి కావాలి?

"మిషన్ చెడలేదు మేడమ్. నొప్పని పిన్ని పొద్దున్నే చెప్పింది. నేనే చెయ్యి పట్టుకుని చూడలేదు."

చెల్లెలు చెయ్యెత్తింది. టైలరమ్మ ఎడమచేత్తో ఆమె కొంగు పట్టి లాగింది.

"ఉండవే!" అని నర్సు కేసి చూసింది. "నీ మిషన్ మంచిదే కావచ్చమ్మా. దానికి నొప్పి తెలీదు. తెలిసినదాన్ని నేను మొత్తుకుంటుంటే, నువ్వు దాని మొహం చూశావు."

క్షమించానని ఆమె అనలేదు.

"నీ మీద విచారణ తప్పదు," అంది పెద్ద సిస్టర్. తర్వాత నర్సులందరినీ పిలిచింది. "మిషన్లు ఇక్కడే ఉంటాయి. వాటి వల్ల మనకు మిగిలిన సమయం రోగులది. మందు సంగతి మిషన్‌ని అడగండి. మనిషి సంగతి మాత్రం మనిషినే అడగండి."