పిట్టగోడ మీది కార్పెట్టు

కార్పెట్టు ఆరితే బేబీ వెళ్లిపోతుంది. ఆ మాట మామాయే చెప్పింది. షార్జాలోని ఆ ఇంట్లో పనివాళ్లందరూ యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఆవిడ కొడుక్కి అబుదాబి దాటాక ఎక్కడో దూరాన ఉన్న రువైస్ రిఫైనరీలో ఉద్యోగమైంది. అతని గదిలోని ఎర్ర కార్పెట్టూ, అతని పసిబిడ్డను చూసుకోవడానికి బేబీ, ఒకే పికప్‌లో అక్కడికి పోవాలి.

"ఉతికి ఆరెయ్యి. ఆరగానే యల్లా, బయల్దేరాలి," అంది మామా.

బేబీ తల్లి వీరదుర్గ ఉతికి మేడమీద పిట్టగోడకు వేసింది. రెండువేల అయిదు, జులై నెల. దుప్పటి వేసి వెనుదిరిగేలోగా ఆరిపోయే ఎండ. అందుకే ఎవరూ చూడకుండా బాల్చీతో నీళ్లు మోసుకెళ్లి కార్పెట్టు అడుగువైపు కుమ్మరించేది. పైన తడిమితే పొడి, లోపల చిత్తడి. మామా వచ్చి చూసినప్పుడల్లా "హవా మే పానీ, మామా," అని గాలిలో తేమ మీదికి నెట్టేసేది.

దుర్గకు బేబీ ఒక్కతే కూతురు. కిందటేడు తనే వీసా తెప్పించి ఈ ఇంట్లోనే పనికి పెట్టించుకుంది. మొగుడు అంతర్వేది దాటి సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అక్క కువైట్ వెళ్లి రాలేదు. తాను గుమ్మం దాకా వచ్చి సాగనంపిన మనిషెవరూ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఒక పొద్దున బాల్చీతో సహా కూతురికి దొరికిపోయింది.

"నువ్వేనా తడిపేది? కుళ్లిపోద్దమ్మా!"

"కుళ్లిపోనీవే. నువ్వెల్లిపోతే నీ మొకం మళ్లీ ఎప్పుడు చూత్తాను?"

"అయితే నన్నూ గోడమీదేసి తడిపెయ్యి," అని నవ్వబోయి బేబీ ముఖం తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే రాయచోటి డ్రైవరు హయాత్ బాషా పికప్ తెచ్చాడు. మామా మేడెక్కి కార్పెట్టు కొస ఎత్తి వాసన చూసింది. "ఖలాస్. కార్పెట్ వద్దు. బేబీ యల్లా," అని దిగిపోయింది.

"ఏం దుర్గక్కా, నువ్వు సంచి సర్దుకోలేదే?" అన్నాడు కార్పెట్టు మోయడానికి మేడెక్కిన బాషా.

"నేనెందుకు?"

"ఈ కార్పెట్టు పరిచి, ఇల్లు సర్ది, నెల దినాలుండి రావాల్సిండె గదా నువ్వు. ఇప్పుడు కార్పెట్టే లేకపాయె. ఇంక దుర్గ ఎందుకంటాంది మామా."

"నాకెవరూ చెప్పలేదు బాబూ!"

"పనోళ్లకు ముందుగా ఎవురు చెప్తారక్కా?"

దుర్గ అతని చొక్కా చెయ్యి పట్టేసుకుంది. "ఆరబెట్టేత్తాను. నీకు పుణ్యముంటది, కాసేపాగు."

బాషా కిందికి వెళ్లి మామాను అడిగి వచ్చాడు. "నేను జొహర్ నమాజు చదువుకోనొస్తా. అంతలోపల ఆరితే ఇద్దరూ ఎక్కండి."

తల్లీకూతుళ్లు కార్పెట్టును గచ్చు మీదికి దించి, ఇంట్లో తువ్వాళ్లన్నీ తెచ్చి దాని మీద పరిచి, పైకెక్కి తొక్కారు. కాళ్ల కింద నీళ్లు పిచికారీలా చిమ్మాయి. తువ్వాళ్లు తడిసి ముద్దయ్యాయి. దుప్పట్లూ తడిశాయి. తువ్వాళ్లు పిండడానికి దిగినప్పుడల్లా కాలే గచ్చు మీద దుర్గ అరికాళ్లు బొబ్బలెక్కాయి. తాను పోసిన నీళ్లే, బాల్చీ బాల్చీగా తిరిగి వస్తున్నాయి.

దుర్గ కార్పెట్టు కొసను మెట్లగదిలోకి ఈడ్చుకెళ్లి ఇస్త్రీపెట్టె పెట్టింది. ఆవిరి లేచింది. అరచేయంత మేర వెచ్చగా, పొడిగా తగిలింది.

"ఆరిందే! చూడు, ఆరతంది!"

మసీదులో నమాజు ముగిసింది. కింద హారన్ మోగింది.

"అమ్మా, ఇక వదిలెయ్."

"ఇంకొక్క మూర..."

బేబీ వంగి తల్లి తలమీద తన చెంప ఆనించింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

దుర్గ గుమ్మం దాకా వెళ్లలేదు. వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కింద పికప్ తలుపు పడిన చప్పుడైంది. ఆమె ప్లగ్గు మళ్లీ పెట్టి, పక్కనున్న తడి మీదికి ఇస్త్రీపెట్టె జరిపింది.