నల్లబడ్డ తెరలో కోడలి మాటలు

"నువ్వే ఏదో నొక్కుంటావు" అన్నాడు మా వాడు, వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

నా కోడలు చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నేనేం నొక్కలేదండీ. పొద్దున కంప్యూటరు స్విచ్చి వేశాను, అంతే" అంది.

"నొక్కకుండా దానంతటదే పోతుందా? నలుగురూ వాడేది వాడమంటే వినవు. ఊరూ పేరూ లేని ఆ లినక్సేదో పెట్టుకున్నావు. అనుభవించు." బండి తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

పాత కంప్యూటరు పెట్టెకి బరువెక్కువైతే నడవదని, దాన్ని తేలిగ్గా నడిపించే ఆ లినక్సుని తనే నేర్చుకుని తనే పెట్టుకుంది. అది పెట్టాక గుర్రంలా నడిచింది. ఆ సంగతి మా వాడికీ తెలుసు. తెలిసినవన్నీ ఒప్పుకుంటే మొగుడెలా అవుతాడు.

నాకు కంప్యూటరు తెలీదు. నేను చెప్పేదాంట్లో ఆ సంగతులన్నీ కోడలు తర్వాత నాకు అన్నం పెడుతూ విడమరిచి చెప్పినవే. మిగతాది నేను చూసింది. విన్నది కాదు, చూసింది. నాకు చెవుడు. బట్టల మిల్లులో మగ్గాల మధ్య బతుకంతా పోయింది. ఆ మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు. అందుకని మేమంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం. సూపర్వైజరు అటు తిరిగితే చాలు, ఆయన వీపు వెనక తిట్టుకునేవాళ్లం, పడీ పడీ నవ్వుకునేవాళ్లం, ఒక్క చప్పుడు లేకుండా. చెవులు మిల్లుకిచ్చి, కళ్లతో వినడం తెచ్చుకున్నాను. ఇంట్లోవాళ్లకి ఇది తెలుసు, గుర్తుండదు. ముసలాడికి చెవుడు, అంతవరకే గుర్తు.

తుంటి ఎముక విరిగాక నన్ను కోడలి గదిలోకి మార్చారు. అది తను పనిచేసుకునే గది. ఇప్పుడు నా మంచం, నా మందులు, నా మంచంలోనే అయ్యే పనులు, వాటి మధ్య ఇరుక్కుని తన బల్ల. కంప్యూటరు పెట్టెకి చోటు లేక నా తలవైపు, గోడకీ మంచానికీ మధ్య సందులో దూర్చారు. తను తెరకేసి కూర్చుంటే నాకు కనపడేది వీపూ, జడా. తెర నిండా ఇళ్ల బొమ్మలు. ఏ గోడ ఎక్కడ రావాలో, వంటింట్లో అలమర ఎంత ఎత్తుండాలో అన్నీ తెర మీద కట్టేసి, అరచేతిలో పెట్టుకుని తిప్పినట్టు ఇల్లంతా తిప్పి చూపిస్తుంది. ఒక ఇంజనీరమ్మకి చేసి పెడుతుంది.

ఆ ఇంజనీరమ్మ ఇదివరకే తనని ఆఫీసులో ఉద్యోగానికి రమ్మంది. "మరి మా నాన్నని ఎవరు చూస్తారు?" అన్నాడు మా వాడు. అక్కడితో సరి. నా పేరు చెప్పి మూసిన తలుపు అది. పాపం ఆవిడ ఇంకో దారి చూసింది. పెద్ద పార్టీ ఒకటి వచ్చింది, వాళ్లకి కొత్త ఇల్లు తిప్పి చూపించి మెప్పిస్తే, ఇంట్లో కూర్చునే ఆ ఉద్యోగం చేసుకోవచ్చంది. చూపించాల్సింది ఆ రోజు సాయంత్రమే. ఆ రోజు పొద్దున్నే తెర పోయింది.

మా వాడు వెళ్లాక కోడలు వచ్చి కూర్చుంది. స్విచ్చి వేసింది. తెర మీద కంపెనీ గుర్తు ఒక్కసారి మెరిసి పోయింది. మూల ఒక చిన్న తెల్ల గీత, కన్ను కొట్టినట్టు కొట్టుకుంటోంది. మిగతాదంతా నలుపు. అద్దంలా నున్నగా ఉండే తెర అది. కిటికీ వెలుతురు తన ముఖం మీద పడుతోంది. ఆ నలుపులో నా కోడలి ముఖం తేలింది. పెదాలు కదులుతున్నాయి.

ఇన్నాళ్లూ తను పనిచేసుకునేటప్పుడు తనలో తనే మాట్లాడుకుంటుందని నాకు తెలీదు. వెనక నుంచి ఎలా తెలుస్తుంది.

"బాగానే ఉన్నావుగా మొన్న. ముఖం చూపించి మళ్లీ తలుపేసుకుంటావేంటి. నేనేం నొక్కాను? పొద్దున లేచి పాలపొయ్యి నొక్కాను, కుక్కరు మూత నొక్కాను, మామయ్య కాళ్లు నొక్కాను. ఆయనేదో అంటే నా గొంతు నేను నొక్కుకున్నాను. నిన్ను మాత్రం ఏం చెయ్యలేదే" అంటోంది ఆ పెట్టెతో.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు చూడండి. తను ఊదుతోంది పెట్టె ముందు, వెనక చెవిటివాడు పడుకుని మొత్తం వింటున్నాడు.

తెర వెనక తీగ పీకి మళ్లీ గుచ్చింది. తెరని హాల్లోకి మోసుకెళ్లి టీవీ డబ్బాకి తగిలించి చూసి, బాగానే వెలుగుతోందని మళ్లీ మోసుకొచ్చింది. లోపల కెర్నల్ అని ఒకటుంటుందట, గింజలాంటిది. కొత్త గింజ పడక ఇలా అయిందేమోనని పాత గింజతో లేపింది. అదే నలుపు, అదే గీత. ఈలోగా మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి "కాఫీ ఏదే? ఆ పెట్టెతో కుస్తీ ఏంటి పొద్దున్నే?" అంది. తను లేచి వెళ్లింది. వచ్చి కూర్చుంది. "బట్టలు తడిసిపోతాయేమో, మబ్బు పట్టింది" అంది మా ఆవిడ. లేచి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి ఎంతవరకు చేసిందో తనకే గుర్తు లేదు, మొదటి నుంచి మొదలెట్టింది. మా ఆవిడ చెడ్డది కాదు. దానికి జరిగిందే అది జరిపిస్తుంది. దాన్నీ ఎవరూ ఒక పని చివరిదాకా చెయ్యనివ్వలేదు.

నా దుప్పటి మార్చాల్సి వచ్చింది. నేనేం చెయ్యను, నా ఒళ్లు నా మాట వినదు. ముఖం చిట్లించకుండా మార్చింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఈ ఇంట్లో ఏది పాడైనా నేనే చేసుంటాను. మిక్సీ తిరక్కపోతే నేనే. గోడకి చెమ్మొస్తే నేనే కిటికీ తెరిచుంటాను. ఆయన బండి టైరు పంక్చరైతే, వెనక కూర్చున్నది నేనేగా. బాగుపడితే మాత్రం అదే బాగుపడింది. మొన్న ట్యాంకు నీళ్లు ఎక్కకపోతే మోటారు విప్పి చెత్త తీశాను, ఆయనొచ్చి చూసి, దానంతటదే సర్దుకుంది చూశావా అన్నారు. నేనూ అవునన్నాను. ఎందుకన్నాను? మళ్లీ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టాను. గిన్నెల మీద చూపిస్తావేం అన్నారు అత్తయ్య." పెదాలు ఆగాయి. కళ్లు తుడుచుకుంది. చేతివేళ్లు మాత్రం ఆగలేదు.

ఏవో నాలుగు మీటలు కలిపి నొక్కింది. బొమ్మలు రాకపోయినా అక్షరాలొచ్చాయి, తెల్లగా. అక్కడ పెట్టెలో తగిలించిన భాగాలన్నిటికీ హాజరు పిలవొచ్చట. ఒక్కోటీ నేనున్నానని పలకాలి. పిలిచింది. వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. మళ్లీ పై నుంచి చదివింది. ఇళ్లు తిప్పడానికని తను ఏరికోరి తెప్పించుకున్న బొమ్మల కార్డు పలకలేదు.

"చచ్చిపోయావా?" అన్నాయి పెదాలు. అక్షరాల మధ్య ముఖం తెల్లబోయింది.

కదిలిపోయి ఉంటుందేమో, ఊడదీసి గట్టిగా పెడదామనుకుంది. పెట్టె తియ్యాలంటే మంచం జరపాలి. మంచం జరపాలంటే నన్ను లేపాలి. అందుకే అంతసేపూ ఆ పని వాయిదా వేస్తూ వచ్చింది. నా ముందుకొచ్చి, పెదాలు విడదీసి నిదానంగా అడిగింది, "మామయ్యా, కాస్త కుర్చీలో కూర్చుంటారా? నొప్పి పుడుతుందేమో." చంకలో చెయ్యేసి లేపింది. నొప్పి పుట్టింది. ముఖంలోకి రానివ్వలేదు. ఆ మాత్రమే నేను చెయ్యగలిగిన సాయం.

మంచం జరిపి, పెట్టె బయటికి లాగి, పక్కరేకు విప్పింది. నేను కుర్చీలోంచి చూస్తున్నాను. లోపలంతా సన్నటి దుమ్ము. మధ్యలో ఒక్కచోట మాత్రం, మెట్టు మీంచి చెప్పులు తీస్తే అచ్చు మిగిలినట్టు, శుభ్రంగా ఉంది. అక్కడ ఏమీ లేదు. కార్డు చావలేదు. అసలు లేదు. తెర తీగ మాత్రం ఇంకో కన్నంలోకి మార్చి ఉంది.

కోడలు ఆ శుభ్రంగా ఉన్న చోట వేలు పెట్టి తడిమింది. ఆదివారం నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తనూ మా ఆవిడా తీసుకెళ్లారు. మా వాడు పనుందని ఇంట్లో ఉండిపోయాడు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి మా వాడొచ్చాడు. నా గది గుమ్మంలోంచి భోజనాల బల్ల కనపడుతుంది. పళ్లెం ముందు పెట్టి, నిలబడే అడిగింది.

"కంప్యూటర్లో కార్డు ఏదండీ?"

"ఏ కార్డు? ఓ, అదా. మా మేనేజరుకిచ్చాను. వాళ్లింట్లోది కాలిపోయిందట. మనింట్లో ఒకటి ఊరికే పడుందని నోరు జారాను. కాదంటే బాగుంటుందా?"

"ఊరికే లేదు. నేను వాడుతున్నాను."

"నువ్వు గీసుకునే గీతలకి అదెందుకు? తీసేశాక తెర వెలిగింది, కంపెనీ గుర్తొచ్చింది, చూశాకే కట్టేశాను. నేనేం చూడకుండా వదిలేశానా?"

"నన్నడగలేదు."

"అడిగితే వద్దంటావుగా."

"మరి పొద్దున నేనేదో నొక్కానన్నారు?"

మా వాడు ముద్ద నమిలాడు. "అప్పుడు గుర్తు రాలేదు. కొంచెం కూర వెయ్యి."

నేను తన చేతినే చూశాను. గరిటె ఒక్క క్షణం గిన్నె మీద ఆగింది. తర్వాత కూర వేసింది.

పెట్టెని సందులోకి తోసి, నన్ను మళ్లీ మంచం మీదికి చేర్చి, వచ్చి కూర్చుంది. బొమ్మలు ఆ కార్డుతోనే వెయ్యమని తను అప్పట్లో లోపల ఒక ఆజ్ఞ రాసి పెట్టిందట. పెట్టె ఆ మాటే పట్టుకుని, లేని కార్డు కోసం వెతుక్కుని వెతుక్కుని నల్లబడుతోంది. ఆ ఆజ్ఞ చెరిపేసింది. అలా చెరుపుతూ ఉన్నప్పుడు పెదాలు ఒక్క మాటే అన్నాయి, "వెర్రిదానా, లేనివాళ్ల మాట వింటూ కూర్చున్నావు." దాన్నే అందో, తననే అందో.

తెర వెలిగింది. నీలం రంగు గది నిండా పరుచుకుంది. ఆ వెలుగులో తన ముఖం మాయమైపోయింది. తెర బాగుపడిందని సంతోషించాల్సింది పోయి, నాకు దిగులేసింది. మళ్లీ వీపూ జడా మిగిలాయి.

ఆ వెలుగు కూడా పైపై వెలుగే. కార్డు లేకుండా అక్షరాలు కనపడతాయి, ఇల్లు తిరగదు. వంటింటి గోడ సగం లేచి ఆగిపోతోంది. కిటికీ గాల్లో వేలాడుతోంది. సాయంత్రం ఇంజనీరమ్మా, పార్టీ వాళ్లూ తెర మీదికొచ్చారు. చిన్న చిన్న గళ్లలో ముఖాలు. వాళ్ల పెదాలు నాకు అంతగా అందలేదు. ఒకాయన వాచీ చూసుకోవడం మాత్రం అందింది. కోడలి భుజాలు మెల్లిగా కిందికి జారాయి. తల మాత్రం ఊపుతూనే ఉంది, సరేనండీ, పర్వాలేదండీ అన్నట్టు.

మా వాడు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వచ్చే వారం అడిగి తెస్తాలే. ఎలాగూ అది అయిపోయిందిగా, తొందరేముంది" అన్నాడు. మంచివాడిలాగే అన్నాడు. మా ఆవిడ వెనక నుంచి, "ముఖం అలా పెట్టుకోకే, ఇంట్లో దీపాలు పెట్టే వేళ" అంది. ఇద్దరూ టీవీ దగ్గరికి వెళ్లిపోయారు.

తను నాకు అన్నం పెట్టింది. మూతి తుడిచింది. మాత్రలు వేసింది. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. తెర మీద ఆ సగం తిరిగిన ఇల్లు అలాగే ఉంది. కాసేపు చూసి, తెర అంచున మీట నొక్కింది. నల్లబడింది.

గది దీపం వెలుగులో ముఖం మళ్లీ తేలింది. పొద్దున్నుంచీ తను తనని చూసుకుంది, ఆ పెట్టెని చూసుకుంది. ఇప్పుడు ఆ నలుపులోంచి, వెనక మంచం మీదున్న నన్ను చూసింది. సూటిగా.

"పొద్దున్నుంచీ నన్ను వింటున్నారు కదా మామయ్యా" అన్నాయి పెదాలు. గొంతు రాలేదని నాకు తెలుసు, మెడ కదల్లేదు. "ఇంట్లో చేసే ఉద్యోగం పోయింది. ఆఫీసుకొచ్చి కూర్చుంటానంటే కుర్చీ ఉందంటోంది మేడమ్. రేపు వెళ్తున్నాను. మధ్యాహ్నం మీకు అన్నం ఎవరు పెడతారో నాకు తెలీదు."

నాకు భయమేసింది. అబద్ధం చెప్పను. రేపటి మధ్యాహ్నం కళ్ల ముందు కనపడింది. తడిసిన దుప్పటీ కనపడింది. పిలిచినా రాని ఇల్లు కనపడింది. నాకు చెవుడు కాబట్టి నేను మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది. ఒక్క మాటకి ఇల్లంతా ఈ గదిలోకి వచ్చి పడుతుంది. అందుకని మిల్లులో సూపర్వైజరు వీపు వెనక అన్నట్టు, గాలి కూడా వదలకుండా, పెదాలతో అన్నాను.

"వెళ్లు."

తనకి పెదాలు చదవడం వచ్చో రాదో. నలుపులోంచి కళ్లార్పకుండా చూస్తూనే ఉంది.

"ఇంకోసారి అనండి" అన్నాయి తన పెదాలు.

అన్నాను.