ఆగిన మిషన్ ముందు ఏడు నిమిషాలు

చదవకుండానే తిప్పి పంపారు. ముందు ఆ మాట ఒప్పుకోండి, పత్రిక నడిపే పెద్దలారా! జూదం మీద పరిశోధన ఎవరు చేసినా పంపొచ్చని మీ మొదటి పేజీలో మీరే రాసుకున్నారు. పదకొండేళ్ళు జూదపు మిషన్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి పంపితే, పేరు కింద ఉన్న ఒక్క గడి చూసి రెండో రోజుకల్లా చేతులు దులుపుకున్నారు. లోపల పద్నాలుగు పేజీలున్నాయి. ఒక్క పేజీ తిప్పడానికి మీకు చేతులు రాలేదు.

ఆ మనిషిని హాల్లో అందరూ డాక్టరమ్మ అంటారు. చదివింది పదో తరగతి. సంచీ పట్టుకుని వచ్చి, మిషన్ పొట్ట తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి చూస్తుంది కాబట్టి ఆ పేరు. హాల్లో మరమ్మతు పని ఆమెది. నలభై పాత మిషన్లు. బిళ్ళ వేసి పిడి లాగితే మూడు చక్రాలు గిర్రున తిరిగి, ఒకే బొమ్మ వరసగా పడితే బిళ్ళలు గలగలా రాలే రకం. రోజూ ఏదో ఒకటి మొరాయిస్తుంది. బిళ్ళ ఇరుక్కుంటుంది, స్ప్రింగు జారుతుంది, చక్రం పట్టేస్తుంది. నెత్తిన ఎర్రలైటు వెలుగుతుంది. లైటు ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో పుస్తకంలో రాయాలి. అది హాలు నియమం. రెండే గడులు.

మూడో గడి డాక్టరమ్మ సొంతం. పెన్సిల్‌తో గీసుకుంది.

దానికి కారణం టోపీ మాస్టారు. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మనిషి. ఎండలోనూ నీడలోనూ టోపీ తీయడు. పన్నెండో నంబరు మిషన్ ముందు స్టూలు ఆయనదే అన్నట్టు ఉండేది. ఒకరోజు ఆ మిషన్ లోపల గొలుసు తెగింది. కొత్తది వేసేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. అంతసేపూ మాస్టారు పిడి మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

"కానివ్వండి మాస్టారూ, అయిపోయింది," అంది ఆమె, తలుపు మూస్తూ.

ఆయన ఆమెను చూశాడు, కిటికీ వైపు చూశాడు. నిద్రలోంచి లేచినవాడిలా ఉన్నాడు.

"టైమెంతయిందమ్మాయ్?"

"మూడున్నర."

"అయ్యో, పొద్దున్నుంచి ఏమీ తినలేదే నేను! ఇంత ఆకలేస్తోందని ఇప్పుడే తెలిసింది," అని లేచి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. గిన్నెలో ఇంకా బిళ్ళలున్నాయి. వాటి వంక కూడా చూడలేదు.

డాక్టరమ్మ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతకు ముందు రోజు ఇదే మిషన్ రెండు నిమిషాలు ఆగితే ఈ మనిషి కదల్లేదే! ఆకలి అప్పుడూ ఉండే ఉంటుంది కదా. మరి ఎక్కడికి పోయింది? ఆ రెండు నిమిషాలకూ ఈ తొమ్మిది నిమిషాలకూ మధ్య ఎక్కడో ఏదో విడిపోతోంది. ఎక్కడ?

అదిగో, ఆ ప్రశ్న బుర్రలో దూరి ఇక బయటికి పోలేదు. ఆ సాయంత్రమే మూడో గడి గీసింది. మిషన్ బాగయ్యాక మనిషి మళ్ళీ ఆడితే ఒక చుక్క. లేచి ఇంటికి పోతే ఒక గీత. అంతే. పదకొండేళ్ళలో తొమ్మిది పుస్తకాలు నిండాయి. నాలుగు వేల మూడువందల పదహారు సార్లు మిషన్లు ఆగాయి. వానరోజులు వేరుగా లెక్క కట్టింది. ఆడవాళ్ళు వేరు, మగవాళ్ళు వేరు, అప్పుడే గెలిచిన వాళ్ళు వేరు. ఎటు తిప్పి చూసినా అదే తేలింది. ఏడు నిమిషాల లోపు బాగుచేస్తే నూటికి తొంభైమంది మళ్ళీ పిడి లాగారు. ఏడు దాటితే నూటికి అరవైమంది లేచి వెళ్ళిపోయారు. ఆరు ఎందుకు కాదు, ఎనిమిది ఎందుకు కాదు? ఆమెకు తెలియదు. తెలియదని కాగితం మీద కూడా రాసింది. తెలియదని రాసే దమ్ము ఎంతమంది చదువుకున్నవాళ్ళకుంది?

ఇంకో సంగతి. నాలుగో సంవత్సరం నడుస్తుండగా మేనేజరు గోడకు ఒక కాగితం అంటించాడు: మరమ్మతు ఏడు నిమిషాలు దాటితే సంజాయిషీ ఇవ్వాలి. అది చూసి డాక్టరమ్మ పుస్తకం తీసి మూడో గడి మరోసారి చూసుకుంది. తన పుస్తకం చూశాడేమో అనుకుంది. చూడలేదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. హాలు నడిపేవాళ్ళకు ఏడు నిమిషాల సంగతి ఎప్పుడో తెలుసు. తెలియనిదల్లా దాని మీద చదువులు చదివే మీకే.

మేనకోడలు ఆ పుస్తకాలు చూసింది ఈ సంవత్సరమే. కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. డాక్టరమ్మకు జ్వరమొస్తే చూడ్డానికి వచ్చి, మంచం పక్కనున్న దొంతరలో ఒకటి లాగి, సగం చదివి నోరెళ్ళబెట్టింది.

"అత్తా, ఇది పేపరే!"

"పేపరేంటే, నోటుబుక్కు."

"పరిశోధన పేపరు. జూదం మీద ఒక పత్రికే ఉంది, దానికి పంపొచ్చు."

"జూదం మీద పత్రికా? పనీపాటా లేనివాళ్ళు చాలామందే ఉన్నారే లోకంలో," అంది డాక్టరమ్మ. జ్వరం తగ్గాక మాత్రం మొదటి మాట ఆమే ఎత్తింది. "ఏమే, ఆ పత్రికవాళ్ళు ఎన్ని పేజీలు రాయమన్నారు?"

మూడు నెలల ఆదివారాలు లైబ్రరీ వెనక గదిలో గడిచాయి. చిరిగిన పుస్తకాలు అంటించే గది అది, జిగురు వాసన. అత్త చెప్పేది, కోడలు టైపు చేసేది. పంపే రోజు వచ్చింది. తెర మీద వరసగా గడులు.

"పేరు ముందు ఏం పెట్టమంటావు? శ్రీమతి, కుమారి, డాక్టర్, ప్రొఫెసర్... హాలంతా డాక్టరనే పిలుస్తారుగా, నొక్కేయనా?"

"చెంప మీద ఒకటిస్తా. తిన్నగా రాయి."

"వ్యాసంలో మాత్రం నీ పేరు ఎక్కడా ఉండకూడదు అత్తా. తీసేయమన్నారు."

"పేరు లేకుండా ఎలా నమ్ముతారే?"

"పేరుంటే నమ్మరనే తీయించేది."

డాక్టరమ్మకు అది నచ్చింది. మనిషిని చూడకుండా మాట చూస్తారన్నమాట! అంత మంచి పద్ధతి తన జన్మలో చూడలేదనుకుంది. తర్వాత గడి: సంస్థ. పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.

"సంస్థంటే?"

"నువ్వు పనిచేసే చోటు."

"ఇంకేం, హాలు పేరు రాయి. దాచేదేముంది?"

రాశారు. చేసిన తప్పల్లా అదొక్కటే. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు మాత్రమే చేసే తప్పు. రెండో రోజు జవాబొచ్చింది: మీ వ్యాసం జూద వ్యాపార సంస్థ నుంచి వచ్చినది, అటువంటి సంస్థలు తయారుచేసిన రచనలను మేము పరిశీలించము. నలభై మిషన్ల ముందు నూనె మరకలతో తిరిగే మనిషిని పట్టుకుని మిషన్ల యజమానిని చేసేశారు! డాక్టరమ్మ ఆ ముక్క మూడుసార్లు చదివించుకుని పగలబడి నవ్వింది. "మేనేజరుకి చూపించవే, నాకు జీతం పెంచుతాడు," అంది. రెండు రోజులు పోయాక నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత పళ్ళు నూరింది.

మళ్ళీ పంపారు. ఈసారి సంస్థ గడిలో 'స్వతంత్ర పరిశోధకురాలు' అని పెట్టింది కోడలు. లోపల జీతమెవరిస్తారో ఒక వాక్యం విడిగా రాసింది. వారం తిరిగేసరికి ఉత్తరం: మాటలు ఉదహరించిన వ్యక్తి అంగీకారపత్రం జతచేయగలరు. అంటే టోపీ మాస్టారు సంతకం.

ఆయన పన్నెండో నంబరు ముందే ఉన్నాడు. డాక్టరమ్మ స్టూలు పక్కన కూర్చుని కాగితం చేతికిచ్చింది. ఆయన మొదట టోపీ వెనక్కి నెట్టుకుని, మొత్తం మెల్లగా చదివాడు.

"ఇదంతా రాసింది నువ్వేనా?"

"నేనే మాస్టారూ."

"నేను లేస్తే గీతా, కూర్చుంటే చుక్కా?"

"అవును."

"పదకొండేళ్ళు?"

ఆమె తలూపింది.

"బాగా కనిపెట్టావు. నిజంగా బాగుంది. నేనే బొమ్మ గీసినా ఇంత వివరంగా గీయలేను." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు మరీ కష్టంగా ఉంది. "నాకొక్కటి చెప్పమ్మాయ్. ఏడు నిమిషాల లోపల బాగుచేసేది కూడా నువ్వేగా?"

డాక్టరమ్మ చేతి నూనె మరక కొంగుకు తుడుచుకుంది.

"తెలిసీ త్వరగా చేసేదానివి."

"సంజాయిషీ అడుగుతారు మాస్టారూ."

"అడిగితే అడిగారు. ఇకనుంచి పది నిమిషాలు చెయ్యి. నీకు పోయేదేముంది?"

"నేను కావాలని ఆలస్యం చేస్తే అది లెక్క కాదు. గొలుసు తనంతట తాను తెగాలి, దానికి పట్టే టైమే దానికి పట్టాలి. నేను వేలు పెడితే పదకొండేళ్ళూ బూడిదే. ఒక్కరు కూడా నమ్మరు."

"అయితే నమ్మేదాకా నేనిక్కడే కూర్చోవాలన్నమాట," అన్నాడాయన. సంతకం చేసి, కాగితం తిరిగిచ్చి, బిళ్ళ వేశాడు.

ఆ మాట ఆమె వెంటపడింది. మిషన్ తలుపు తీసినప్పుడల్లా గడియారం చూడ్డం కొత్త కాదు. చూసి, స్టూలు మీద మనిషిని కూడా చూడ్డం కొత్త. రెండు నిమిషాల పని రెండు నిమిషాల్లోనే చేసింది. చుక్క పెట్టింది. ఆ చుక్క పక్కన మనిషి మొహం కనపడసాగింది.

నాలుగు నెలలకు వ్యాసం చదివిన మీ ఇద్దరు సమీక్షకుల మాటలొచ్చాయి. లైబ్రరీ వెనక గదిలో కోడలు చదివి వినిపించింది. మొదటివారు మంచివారు. ఇలాంటి పరిశీలన తాము ఎక్కడా చూడలేదన్నారు. యంత్రం దానంతట అది ఆగినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది ప్రయోగశాలలో పుట్టించలేమన్నారు. అయితే చూసింది ఒక్క మనిషి, ఒక్క హాలు. ఆమెతో సంబంధం లేని ఇద్దరు అవే మిషన్ల దగ్గర కూర్చుని చూస్తేగాని అచ్చుకు ఒప్పుకోలేమన్నారు.

"న్యాయమే," అంది డాక్టరమ్మ. "నేనైనా అదే అడుగుతాను. రెండోవాళ్ళేమన్నారు?"

"నీ భాష పండితుల భాషలా లేదట. పట్టికలకు అంచులు సరిగా లేవట. 'ఆకలి' అంటే ఏమిటో నిర్వచించమన్నారు."

"వాళ్ళకి ఎప్పుడూ వెయ్యలేదేమో పాపం. సరిచేసి పంపడానికి గడువెంత?"

"ఆరు నెలలు. చాలా ఎక్కువే ఇచ్చారత్తా."

"ఆరు నెలలు ఎక్కడివే?" అంది డాక్టరమ్మ. జేబులోంచి మేనేజరు ఆ పొద్దున పంచిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ముప్పయ్యో తారీఖున పాత మిషన్లు నలభై తీసేస్తారు. కొత్తవి వస్తున్నాయి. వాటికి పిడి లేదు, చక్రాల్లేవు, తెరవడానికి తలుపే లేదు. అద్దం మీద బొమ్మ ఆగిపోతే రెప్పపాటులో ఇంకో ఆట దానంతట అదే మొదలవుతుంది. రెండు నిమిషాలు లేవు, తొమ్మిది నిమిషాలు లేవు. మనిషికి తన ఒళ్ళు గుర్తుకొచ్చే సందే ఉండదు. ఈ చుట్టుపక్కల ఇంకే హాల్లోనూ పాత రకం మిగల్లేదు.

"ఇవాళ ఆరో తారీఖు," అంది కోడలు, మెల్లగా.

"తెలుసు."

"గడువు ముందుకు జరపమని అడుగుదాం. మర్యాదగా రాద్దాం."

"మర్యాదగా నువ్వు రెండుసార్లు రాశావు. ఇప్పుడు నేను రాస్తాను. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. ఒక్క మాట నునుపు చేశావంటే ఊరుకోను."

కోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. డాక్టరమ్మ కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. చెప్పింది చెప్పినట్టే ఇది:

"సంపాదకుడు గారికి. పట్టికలకు అంచులు తర్వాత కొడతాను. నా భాష ఇంతే. ఆకలికి అర్థం నేను చెప్పను, ఎవరినైనా అడగండి. మీ మొదటి సమీక్షకులు అడిగింది సరైన మాట. అది జరగడానికి ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి, ఆరు నెలలు లేవు. ముప్పయ్యో తారీఖు దాటితే మీరు ఎంత చదువుకున్నా, ఎంతమందిని పంపినా, ఈ సంగతి నిజమో అబద్ధమో తేల్చుకోలేరు. నన్ను నమ్మమని అడగడం లేదు. నమ్మకండి. వచ్చి చూడండి.

ఇరవయ్యో తారీఖు దాకా నా చెయ్యి నిజాయితీగా ఉంటుంది. ఎంతసేపు పట్టే పని అంతసేపే చేస్తాను. అప్పటిదాకా కూర్చునే ప్రతి మనిషీ మీకోసం కూర్చుంటున్నాడని గుర్తుపెట్టుకోండి. ఇరవై దాటినా ఒక్కరూ రాకపోతే లెక్క మానేస్తాను. ఇరవై ఒకటి పొద్దున్నుంచి ఏ మిషన్ ఆగినా పది నిమిషాలకు తక్కువ బాగుచెయ్యను. సంజాయిషీ అడిగితే ఇస్తాను, ఉద్యోగం తీస్తే తీస్తారు. అప్పుడు నా పేపరు చెత్తబుట్టలో వేసుకోండి.

ఇద్దరిని పంపండి. నాకు తెలియనివాళ్ళు, ఒకరికొకరు తెలియనివాళ్ళు. చెరొక గడియారం, చెరొక పుస్తకం. హాలు పదింటికి తెరుస్తారు. ఎవరైనా లోపలికి రావచ్చు, టిక్కెట్టు లేదు. నన్ను పలకరించొద్దు. పన్నెండో నంబరు కనపడేలా కూర్చోండి. ఇవాళే బయల్దేరదీయండి."