మంచు కప్పిన తోక

చలిగా ఉందని, చూడని పనికి చూశానని సంతకం పెట్టేవాడివి నువ్వు. సిగ్గుపడు. ఆ తర్వాత ఈ ఆర్విల్ సంగతి విను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కెనడాలోని సస్కాచివాన్ మైదానంలో ఒక విమాన శిక్షణ కేంద్రం ఉండేది. పొద్దున్నే ఇంజన్ల మీది దుప్పట్లు తీయడం, నూనె కాచి పోయడం, మెకానిక్కులు తనిఖీ కాగితం మీద సంతకం పెట్టడం, పసుపు విమానాలు లేవడం. రోజూ ఇదే పని. విమానం లేచినా దాని నీడ మాత్రం లేచిన చోటే మంచు మీద ఉండిపోయేది. దిగాక మళ్లీ వచ్చి కలిసేది. పైన ఏది విరిగినా కింద నీడలో కనిపించేది. అలా కనిపిస్తే ఎర్ర తారాజువ్వ వదలాలి. అది చూసి పైలట్ జాగ్రత్తగా దిగిపోతాడు. అందుకే నీడల చుట్టూ మంచు ఊడ్చేవారే గాని, ఎవరూ వాటిని తొక్కేవారు కాదు.

తోక కీలులో దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్ను ఉంటుంది. చేతి తొడుగు తీసి వేలితో తడిమితే తప్ప అది ఉందో లేదో తెలియదు. ఆ చలిలో ఇనుము ముట్టుకుంటే వేలి చర్మం ఊడొస్తుంది. జనవరిలో ఒక పొద్దున మెకానిక్ ఆర్విల్ స్కోగ్ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే సంతకం పెట్టేశాడు.

"పిన్ను చూశావా అన్నా?" అని అడిగాడు లయల్. విమానం నేర్చుకుంటున్న ఇరవై ఏళ్లవాడు.

"నీకు మీసం రాకముందు నుంచి చూస్తున్నా. ఎగరవయ్యా బాబూ!"

లయల్ ఎగిరాడు. పావుగంటకు ఆర్విల్ బయటికొచ్చి చూస్తే, నీడలో తోక ఒంటి కీలు మీద వేలాడుతోంది. తారాజువ్వ వదిలితే తనిఖీ కాగితం తీసి ఎవరి సంతకమో చూస్తారు. వచ్చే వారం రావలసిన సార్జెంటు హోదా పట్టీ పోతుంది. అటూ ఇటూ చూసి, పార తీసుకుని ఆ తోక మీద మంచు పోశాడు.

పారాచూట్లు మడిచే హెస్టర్ చీపురుతో అటు వచ్చింది.

"ఏమయ్యా ఆర్విల్, ఈ విమానానికి తోకేది?"

"గాలికి మంచు పేరుకుంది."

"గాలా? నా సిగరెట్టు పొగ నిట్టనిలువుగా లేస్తోంది చూడు. గాలి పార పట్టుకుని వచ్చింది కాబోలు!"

రెండు ఊడ్పులు ఊడ్చి చూసింది. వేలాడే తోక కనబడగానే పరుగెత్తి వెళ్లి తారాజువ్వ వదిలింది.

లయల్ మెల్లగా, వంకరగా దిగాడు. రెక్క మంచుగుట్టకు తగిలి అతని మెడ పక్క ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. స్ట్రెచర్ మీద పడుకుని ఆర్విల్ వైపు చూశాడు.

"చూశానన్నావు కదా అన్నా?"

ఆర్విల్‌కు పట్టీ రాలేదు. అసలు శిక్ష అది కాదు. ఆ మధ్యాహ్నం అతను షెడ్డుకు తిరిగి వెళ్తే, అతని నీడ వెంట రాలేదు. పార పట్టుకుని వంగి, మంచు పోసిన చోటే ఉండిపోయింది. మంచు కరిగినా గడ్డి మీద అలాగే ఉంది. యుద్ధం అయిపోయి ఆ నేల గోధుమ పొలమైతే, దున్నేవాడు ట్రాక్టర్‌ను దాని చుట్టూ తిప్పి పోయేవాడు.

ఆర్విల్ ఇంటికి వెళ్లాడు. ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. చెల్లెలి పెళ్లిలో సాక్షి సంతకానికి అతను ముందుకొచ్చాడు. పాదిరి అతని కాళ్ల దగ్గర నీడ లేని నేలకేసి చూసి, కలం పక్కవాడికిచ్చాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు బతికాడు ఆర్విల్. ఒక్కరూ అతని చేతికి కలం ఇవ్వలేదు.