చదివిపెట్టే మనిషి

వేడి టీ గ్లాసు అడుగును కాగితం మీద ఆనించి అతను మెల్లగా జరుపుతున్నాడు. టైలరు నిన్న ఇచ్చిపోయిన లెక్కల కాగితం అది. ఎన్నాళ్ళు జేబులో నలిగిందో ఏమో, ఎండుటాకులా ముడుచుకుపోయింది. గ్లాసు వెళ్ళిన మేర కాగితం సాపవుతోంది. మూలల్ని బొటనవేలితో అదిమి, ఒక గుక్క టీ తాగి, మళ్ళీ గ్లాసు దించి జరిపాడు. టీ అయిపోయేసరికి కాగితాలు కూడా అయిపోవాలి. రెండూ ఒక్కసారే ముగిస్తే ఆ రోజు బాగా గడుస్తుందని అతనికో చిన్న నమ్మకం. షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లుల జోలికి మాత్రం గ్లాసుతో పోడు. వేడి తగిలితే అవి నల్లబడతాయి. ఒకసారి ఎవరిదో మందుల బిల్లు అలాగే బొగ్గు చేసి అక్క చేత చీవాట్లు తిన్నాడు.

అక్కావాళ్ళ ఇంటి ముందుగదే అతని పనిచోటు, అతని పడకా. తెల్లారగానే మడతమంచం మడిచి తలుపు వెనక నిలబెట్టి, దుప్పటి దాని మీద వేస్తాడు. అప్పుడది ఆఫీసవుతుంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు బావ కుర్చీ. కుర్చీకి ఎడమ పక్కన ఒక స్టూలు. స్టూలు మీద అక్క పాత చీర మడిచి కుట్టిన చిన్న దిండు. అది అతని చోటు.

బావది పన్నుల లెక్కలు రాసే పని. ఆ వీధి టైలర్లు, డ్రైవర్లు, వడ్రంగులు ఏడాదికోసారి తమ కాగితాలు తెచ్చి బల్ల మీద పోస్తారు. వాటిలోని అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ప్రభుత్వానికి పంపాల్సిన లెక్క తయారు చేసిపెడతాడు బావ. అయితే ఆయన మెడ ఎముకలు అరిగిపోయాయి. కాగితం వైపోసారి, తెర వైపోసారి మెడ తిప్పలేడు. అందుకని అతను చదువుతాడు, బావ కొడతాడు.

అతని పనంతా అదే. వెనకటికి పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల మేనమామ అడిగాడు, "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని.

"చదువుతుంటాడండీ," అంది అక్క.

"ఇంకానా!" అన్నాడాయన. గదంతా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆ సంబంధం పోయింది. ఆ తరవాత వచ్చినవి నవ్వు దాకా కూడా రాలేదు.

వీధిలో అందరూ అతన్ని రేడియో అంటారు. ఆ పేరు ఇక్కడిది కాదు, బస్‌స్టేషన్‌లో వచ్చింది. కుర్రతనంలో అక్కడ మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేవాడు. ఒకరోజు ఎక్కడో రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి వచ్చి ఆ మైకులో కూర్చుంది. దానికి జలుబు చెయ్యదు, అది సెలవు అడగదు. "నీకేదో ఒక పని చూద్దాంలే," అన్నాడు అక్కడి ఆఫీసరు. ఆ ఏదో ఒక పని కోసం అతను ఆ గుమ్మం ముందు చాలా కాలం నిలబడ్డాడు. చివరికి అక్క వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. అప్పటికే బావ మెడకి పట్టీ వేసుకుని తిరుగుతున్నాడు. "మా ఇంట్లో మైకు లేదు గానీ నోరుంటే చాలు, రావోయ్," అన్నాడు. ఆ నోటి మీదే ఆ ఇంట్లో అతను తలెత్తుకుని అన్నం తింటున్నాడు.

బావ ముఖం తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటరు తెరుచుకోగానే మొన్నటి నుంచీ కనబడుతున్న ఎర్ర అక్షరాలే మళ్ళీ కనబడ్డాయి. ఇవాళ్టితో గడువు ముగుస్తుంది, కొత్త రేటు కట్టకపోతే రేపటి నుంచి ప్రోగ్రాం తెరుచుకోదు.

"మళ్ళీ అదేనా?" వంటింటి గుమ్మంలోంచి అడిగింది అక్క.

"అదే. మన గుమ్మం పట్టుకు కూర్చుంది, శనిలా."

మొదట్లో ఆ కంపెనీవాళ్ళు ఫోన్ చేసి మరీ ఆ ప్రోగ్రాం అంటగట్టారు. ఊరికే వాడి చూడండి సార్, నచ్చితేనే డబ్బులు సార్ అన్నారు. చెయ్యి అలవాటుపడ్డాక ఏడాదికేడాది రేటు పెంచుకుంటూ వచ్చారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇప్పుడు ఫోన్ చేస్తే పలికే మనిషే లేడు. ఈసారి అద్దె దాదాపు రెట్టింపు చేసి, అది చాలదన్నట్టు తయారుచేసే ఒక్కో లెక్కకీ వేరే రుసుము పెట్టారు.

"ఆ పెంచిందేదో వచ్చినవాళ్ళ మీద వెయ్యకూడదూ?" అంది అక్క.

"ఎవరి మీద వెయ్యను? టైలరు మీదా? వాడు నా దగ్గరికి రావడం మానేసి, అసలు లెక్క రాయించుకోవడమే మానేస్తాడు. తరవాత వాడికి నోటీసొస్తే మళ్ళీ నన్నే తిడతాడు."

"అయితే మూసేస్తారా?"

బావ మెడ వెనక చెయ్యి వేసి నొక్కుకున్నాడు. స్టూలు మీద కూర్చున్న అతను లోలోపల తన లెక్క వేసుకున్నాడు. ఈ బల్ల మూతపడితే బావ ఏ దుకాణంలోనో గుమాస్తాగా కుదురుకుంటాడు. చదివేవాణ్ణి ఏ దుకాణం పెట్టుకుంటుంది?

అందుకే అతను కొన్నాళ్ళుగా సాయంత్రాలు ఊరంతా తిరుగుతున్నాడు. ఈ పని చేసేవాళ్ళ గుమ్మాలెక్కి, ఇంతకన్నా చవకైన ప్రోగ్రాం ఏదైనా ఉందా అని అడుగుతున్నాడు. కొందరు తెలిసీ చెప్పలేదు. ఒకాయన "దొరికితే నాక్కూడా చెప్పు నాయనా" అని దణ్ణం పెట్టాడు. నిన్న జిరాక్సు షాపులో పిల్ల మాత్రం దయతలచింది. తను వాడుతున్న దాని పేరు చీటీ మీద రాసిచ్చి, "మీకేం పని ఉండదంకుల్, అన్నీ అదే చూసుకుంటుంది," అంది. కూడికలూ తీసివేతలూ అదే చూసుకుంటుందని అతను అనుకున్నాడు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వస్తుంటే, ఇంతకాలం తిన్న ఇంటికి ఇన్నాళ్ళకి ఏదో మోసుకెళ్తున్నట్టు నడక బరువెక్కింది.

ఇప్పుడు ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చూడండి బావా. పాతదాని అద్దెలో పదో వంతు కూడా కాదట."

బావ కళ్ళజోడు సవరించుకుని చీటీని చాలాసేపు చూశాడు. "ఎక్కడ పట్టావోయ్!" అన్నాడు. తరవాత లోపలికి కేకేశాడు. "అమ్మాయ్, ఓసారి ఇలా రా!"

కాలేజీకి తయారవుతున్న మేనకోడలు తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకునే వచ్చింది. బావ ఫోనులో ఆ ప్రోగ్రాం దింపడానికి కాసేపు పడుతుందంది.

"ఈలోగా టైలరుది పాతదాంట్లో కొట్టేద్దాం," అన్నాడు బావ. "రెండింట్లోనూ ఒకే లెక్క వస్తే కొత్తదాన్ని నమ్మొచ్చు."

అతను దిండు సర్దుకుని కూర్చున్నాడు. సాపు చేసిన కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని, మొదటి వరుస కింద స్కేలు ఆనించాడు. బడిలో చదివే రోజుల నాటి చెక్క స్కేలు అది. దాని మీద గీతలూ అంకెలూ ఎప్పుడో చెరిగిపోయాయి. ఎడమ బొటనవేలు ఆనే చోట చెక్క అరిగి గుంట పడింది.

"నాలుగు, ఎనిమిది, రెండు, సున్నా, ఐదు," అన్నాడు. వరుస అయిపోగానే చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు వినగానే బావ వేలు కిందిగడిలోకి దిగుతుంది. వాళ్ళిద్దరి మధ్యా ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. స్కేలు జరిగింది, అంకెలు, దగ్గు. స్కేలు, అంకెలు, దగ్గు. కాగితంలో ఎంత పేదవాడి లెక్క ఉన్నా అతను బస్సు పేరు చెప్పినంత నిండుగా చదువుతాడు. వంటింట్లో అక్క ఆ దగ్గుల లయకే కూరలు తరుగుతుంటుంది.

"అయిపోయింది," అంది మేనకోడలు. "ఆ కాగితం ఇటు పెట్టు మామయ్యా."

అతను స్కేలు మళ్ళీ మొదటి వరుస కిందికి తెచ్చి, గొంతు సవరించుకుని, "నాలుగు, ఎనిమిది..." అని మొదలుపెట్టాడు.

"చదవక్కర్లేదు మామయ్యా. ఫోటో తీస్తే చాలు. నీ స్కేలు అడ్డొస్తోంది, తియ్యి."

తీశాడు. ఫోను టిక్కుమంది. తెల్లటి గడుల్లోకి అంకెలు ఒకదాని తరవాత ఒకటి వచ్చి కూర్చున్నాయి, చప్పుడు లేకుండా. బావ వేళ్ళు మాత్రం అలవాటుగా గాలిలో నిలిచి ఉన్నాయి.

"లెక్క కలవలేదు," అంది మేనకోడలు. "దీంట్లో ఖర్చు ఎక్కువ చూపిస్తోంది."

బావ నవ్వాడు. "అదీ సంగతి! మిషను గాడిదే. మావాడు తప్పు చదవడమ్మా."

అతని ప్రాణం లేచొచ్చింది. తప్పు ఆ గాడిదదే కావాలని మనసులోనే వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు. కానీ మేనకోడలు వేలు పెట్టి ఒక్కొక్క వరుసే సరిచూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. గుండీలు, దారాల ఖర్చు. కాగితంలో ఉంది, ఫోనులో ఉంది. పాతదాంట్లో లేదు. అతను చదవలేదు.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"స్కేలు జారి ఉంటుందిలే," అన్నాడు బావ.

స్కేలు జారలేదు. ఆ వరుసా, దాని పై వరుసా అతని కంటికి ఒక్కటిగానే కనబడ్డాయి. ఇప్పుడు చూసినా ఒక్కటిగానే ఉన్నాయి. కాగితాన్ని కిటికీ వెలుగులోకి జరిపి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. ఇలా ఎన్నాళ్ళుగా, ఎవరెవరి కాగితాల్లో ఎన్ని వరుసలు దాటేశాడో! ఎవరి కష్టం ఎవరి లెక్కలో పడకుండా పోయిందో! సరిచూడడానికి ఆ కాగితాలూ లేవు, చెప్పడానికి అతనికి నోరూ లేదు.

మధ్యాహ్నం బావ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. చాన్నాళ్ళ తరవాత ఆయన కడుపు నిండా తినడం అదే. "నన్ను నిలబెట్టావోయ్ బావమరిదీ," అన్నాడు నోటినిండా ముద్దతో. "నువ్వు ఆ చీటీ తేకపోతే రేపటి నుంచి ఏ కొట్లోనో పద్దులు రాసుకోవాల్సిందే."

"మామయ్యకి కూడా హాయి," అంది కాలేజీ నుంచి తొందరగా వచ్చేసిన మేనకోడలు. "రోజంతా అలా అరవక్కర్లేదు. ఆ స్టూలు తీసేసి అక్కడో కుర్చీ వేస్తే వచ్చినవాళ్ళు కూర్చోడానికి బాగుంటుంది నాన్నా."

అక్క తమ్ముడి ముఖం చూసింది. వెంటనే కంచంలోకి చూసింది. "వాడికేదో ఒక పని ఉంటుందిలే," అంది. అని, మజ్జిగ గిన్నె అతని ముందుకి జరిపింది.

అతను కలుపుకున్న అన్నం చాలాసేపు అలాగే కలుపుతూ కూర్చున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చిన్నప్పుడు అమ్మ అంటుంటే, అదెలా ఊడుతుందని నవ్వేవాడు.

సాయంత్రం టైలరు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెవి రిక్కించాడు. "ఏంటిది, ఇల్లు మూగబోయింది? రేడియో కట్టేశారా?"

"లోకం మారిందయ్యా," అన్నాడు బావ సంబరంగా. "నీది పొద్దున్నే అయిపోయింది. నీ మీద పైసా వడ్డించాల్సిన పనీ లేదు, ఏడాదికి నువ్విచ్చేదే ఇవ్వు."

టైలరు తన కాగితాలు తీసుకున్నాడు గానీ కదల్లేదు. "ఒక్కసారి చదివించకూడదూ?" అన్నాడు. "ఇంట్లో కూర్చుని మిషను తొక్కుతుంటే ఏం సంపాదిస్తున్నానో నాకే తెలీదు. ఏడాదికోసారి ఈయన నోట వింటే, అబ్బో, నేనూ మనిషినే అనిపించేది."

"అంత తీరిక ఎవరికుంది? ఇదిగో, ఇంకా ఇన్ని ఉన్నాయి," అన్నాడు బావ కట్ట చూపిస్తూ.

టైలరు రేడియో వైపు చూశాడు. అతనికి పొద్దున దాటేసిన గుండీల వరుస గుర్తొచ్చింది. అతను తల దించుకున్నాడు. టైలరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పొద్దున గ్లాసుతో సాపు చేసిన ముడతలు మళ్ళీ పడ్డాయి.

బావ ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఉంది ఆయన ముఖం. మెడ తిప్పక్కర్లేదు, వేళ్ళు ఆడించక్కర్లేదు. ఒక్కో కాగితం టిక్కుమనగానే అతను దగ్గుతున్నాడు. దగ్గాలని కాదు. వరుస ముగిసిన చోట గొంతే దగ్గుతోంది.

నాలుగైదు కాగితాలయ్యాక బావ తెర మీంచి కళ్ళు తీయకుండానే అన్నాడు, "ఏంటోయ్ ఆ దగ్గు? కాస్త మందు తెచ్చుకోకూడదూ?"

అతను బావ వైపు చూశాడు. ఆయన వేళాకోళానికి అనలేదు. నిజంగానే అన్నాడు, ఆదరంగానే అన్నాడు. అంతకన్నా ఏం చెయ్యగలడు ఆ మనిషి?

దీపాలు పెట్టే వేళయింది. అతను లేచి స్టూలును గోడవారగా జరిపాడు. పొద్దున్నుంచీ బల్ల మీదే ఉండిపోయిన టీ గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. తలుపు వెనక మడతమంచం మీంచి దుప్పటి తీసి నాలుగు మడతలు వేశాడు. చిలక్కొయ్యకున్న రెండో చొక్కా తీసి సంచిలో పెట్టుకున్నాడు. మేనకోడలు ఫోనులో ఎవరితోనో నవ్వుతోంది. బావ కట్టలోంచి ఇంకో కాగితం లాగాడు.

అక్క పొయ్యి ముందు నిలబడి ఉంది. పాల ప్యాకెట్‌కి వెళ్ళినా, గడ్డానికి వెళ్ళినా, "వస్తానక్కా" అనకుండా అతను గుమ్మం దాటడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టిన చప్పుడు విని ఆ మాట కోసం ఆమె చెవులప్పగించింది. మాట రాలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి గేటు గడియ పడింది. పిలుద్దామని నోరు తెరిచింది. పిలిచి ఏం చెప్పాలో, ఏ పని ఉందని రమ్మనాలో తోచక అలాగే నిలబడిపోయింది.

ముందుగదిలో ఫోను టిక్కుమంది. బల్ల చివర, స్టూలు ఉండే వైపు, చెక్క స్కేలు బొటనవేలి గుంట పైకి పెట్టుకుని పడివుంది, కింద కాగితం లేకుండా.