మరుపులమ్మ వారం వారం

ఆ ఇంట్లో అత్తయ్య జ్ఞాపకశక్తి అంటే అందరికీ హడలు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఏ చుట్టం ఏ మాట తూలి నాలుక కరుచుకున్నాడో ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఒప్పజెబుతుంది. అలాంటి మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఆదివారం పత్రికలో రాసే శీర్షికలో తనను తాను మహా మతిమరుపు మనిషిగా చూపించుకుంటూ వచ్చింది. చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టడం, ఒకరింటికని బయల్దేరి ఇంకొకరింట్లో కాఫీ తాగి రావడం, అన్నీ కల్పనే. పాఠకులకు మాత్రం ఆవిడ మరుపులమ్మే.

"నిజం రాస్తే ఎవరు నవ్వుతారే? నాకు గుర్తున్నవన్నీ రాస్తే చుట్టాలందరూ కర్రలు పట్టుకొస్తారు," అనేది కోడలితో.

ఆవిడ కాగితాల మీద రాస్తే కోడలు టైపు చేసి పంపుతుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని ముగించుకుని, గురువారం సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర ఆ పని పెట్టుకుంటుంది. పగలంతా ఆమె రెండున్నరేళ్ళ కూతురు నానమ్మ దగ్గరే.

ఆ గురువారం కథలో మరుపులమ్మ మనవరాలిని చంకనేసుకుని కూరల కొట్టుకి వెళ్ళింది. బేరమాడింది, కొసరు అడిగింది, చంకలో కొత్తిమీర కట్టతో ఇంటికొచ్చేసింది! గంట తరవాత కూరలమ్మే మనిషి పిల్లను ఎత్తుకొచ్చి, "అమ్మా, దీన్ని నాకు కొసరు కింద ఇచ్చారా?" అంది. ఏడవకుండా తక్కెడలో కూర్చోబెట్టి తూచిందట, చేతిలో క్యారెట్ పెట్టిందట.

కోడలు ఫక్కున నవ్వింది. 'తక్కెడ' దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి.

సోమవారం నుంచి కూతురు తన బొమ్మను పళ్ళెంలో కూర్చోబెట్టి "తూచు, తూచు" అంటోంది. కొత్త మాట వచ్చిందని తను మురిసిపోయింది కూడా.

పాత వారాల కథలు తెరిచింది. నెల కిందట మరుపులమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, డాబా మీద పక్కింటావిడతో కబుర్లలో పడిపోయింది. ఆ రోజుల్లోనే వంటింట్లోకి కొత్త పాలగిన్నె వచ్చింది. పాతది సొట్టపోయిందంది అత్తయ్య. ఆ తరవాతి వారం మరుపులమ్మ పిల్లను లోపలుంచి తాళం వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. అది చదివి వినిపిస్తే భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మకి మతిమరుపా! నా మూడో తరగతి మార్కులు ఇప్పటికీ చెప్పి పరువు తీస్తుంది," అన్నాడు.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చినట్టనిపించింది. లేచి వెళ్ళి చూసింది. పొయ్యి ఆరిపోయే ఉంది.

గదిలో అత్తయ్య మంచం మీద గోడకు ఆనుకుని రాసుకుంటోంది. పక్కనే పిల్ల నిద్రపోతోంది.

"అత్తయ్యా, ఈ కూరల కొట్టు సంగతి... కల్పనే కదూ?"

ఆవిడ కలం ఆపింది. "నవ్వావుగా. ఇక్కడికి వినిపించింది."

"నవ్వాను గానీ..."

"పాలగిన్నెకీ నవ్వావు. తాళానికీ నవ్వావు. మావాణ్ణి పిలిచి మరీ వినిపించావు." గొంతులో కోపం లేదు. "నోటితో చెబుదామని నాలుగుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చాను. నోరు పెగల్లేదే. ఇన్నేళ్ళూ అందరి లొసుగులూ గుర్తుపెట్టుకుని ఎత్తిపొడిచినదాన్ని. మరుపులమ్మ నోట్లో పెడితే మాత్రం గడగడా వచ్చేసింది."

కోడలు మంచం దగ్గరికి జరిగింది.

"రేపట్నుంచి దీన్ని నాకు ఒంటరిగా అప్పగించకు. చదివేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. నువ్వు మాత్రం నవ్వకు."

"అలాగే అత్తయ్యా. డాక్టరు దగ్గరికి కూడా వెళదాం."

ఆవిడ తలూపింది. నెత్తిమీది బరువు దించుకున్నట్టు ముఖం తేటపడింది. ఒళ్ళోని కాగితాలు సర్ది అందించింది. "ఇదిగో, వచ్చేవారానిది కూడా అయిపోయింది. ఇది మాత్రం అచ్చంగా కల్పన. ఇందాకే తట్టింది."

కోడలు నిలబడే చదివింది. మరుపులమ్మ మనవరాలిని చంకనేసుకుని కూరల కొట్టుకి వెళ్ళింది. బేరమాడింది, కొసరు అడిగింది. ఒక్క మాట పొల్లుపోలేదు. కొత్తిమీర కట్టతో ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, ఫ్యాను కింద హాయిగా కునుకు తీసింది. అక్కడితో అయిపోయింది. కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ. కూరలమ్మే మనిషి రాలేదు. పిల్ల ఇంటికి రాలేదు.

"ఏమే, నవ్వు రావట్లేదా?" మెడ కాస్త ముందుకు చాపి, ఎప్పటిలాగే ఆశగా కోడలి ముఖంలోకి చూస్తోంది అత్తయ్య.

"ఎందుకు రాదూ," అని కోడలు నవ్వింది. నవ్వుతూనే వంగి, ఆవిడ పక్కలోంచి పిల్లను రెండు చేతులతో ఎత్తుకుంది.